నాలుగోసారి అడిగిన మాట

ఈ యూనివర్సిటీలో ఒక ఆడమనిషి గోడ గడియారాన్ని కంటిచూపుతో ఆపేసింది. అదీ ఒక నిమిషమో రెండు నిమిషాలో కాదు, పంతొమ్మిది నిమిషాలు. ఆ పంతొమ్మిది నిమిషాలూ ఆ గదిలో ఈగ రెక్క కదల్లేదు. సూర్యుడు కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సరే, సూర్యుడి సంగతి వదిలేయండి. ఈగలు కూడా ఎగిరే ఉంటాయి. కంటిచూపుతో అన్నది కాస్త ఎక్కువైందేమో. ఆమె గడియారం వంక చూసిన మాట మాత్రం నిజం. గడియారం ఆగిన మాటా నిజం. మధ్యలో ఏం జరిగిందో అక్కడికి వెళ్లినప్పుడు చూద్దాం.

ఆమె మంత్రగత్తె ఏం కాదు. లైబ్రరీ వెనక మెట్ల కింద ఉన్న బైండింగ్ గదిలో పుస్తకాలు కుట్టే ఉద్యోగి. యాభై రెండేళ్లుంటాయి. కళ్లజోడు తాడుకు కట్టి మెడలో వేలాడుతుంటుంది. దబ్బనం నొక్కీ నొక్కీ కుడిచేతి నడిమివేలు మీద కందిగింజంత కాయ కాచింది. విద్యార్థులు ఆమెను దబ్బనం అక్క అంటారు. తండ్రి పెట్టిన పేరు ఒకటి ఉంది కాని, అది హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. భర్త యూనివర్సిటీ బస్సు నడుపుతాడు. "మా ఇంట్లో నేను హారను, ఆవిడ బ్రేకు" అని ఎక్కినవాళ్లందరికీ చెబుతుంటాడు.

బైండింగ్ గదిలో ఒక కిటికీ, ఒక ఇనుప నొక్కుడు మర, ఉడికించిన జిగురు గిన్నె, మైనం రాసిన దారపు ఉండలు. విడిపోయిన పుస్తకం వస్తే ఆమె ముందు దాన్ని ఇంకా విప్పుతుంది. పాత దారం లాగేసి, పాత జిగురు గీకేసి, కాగితాలు కట్టలు కట్టలుగా వేరుచేసి, మళ్లీ మొదటినుంచీ కుడుతుంది. "చిరిగిన చోట అతికిస్తే నాలుగు రోజులు. విప్పి కుడితే నలభై ఏళ్లు" అంటుంది. రోజు మొత్తంలో ఆమె మాట్లాడే పొడుగు వాక్యం అదే.

వారంలో రెండు మధ్యాహ్నాలు ఆ గదికి తాళం వేసి ఇంకో గదికి వెళుతుంది. ఆరోగ్యకేంద్రం వెనక, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసిన గది అది. బోర్డు లేదు. తెలిసినవాళ్లు తోడు గది అంటారు. క్యాంపస్‌లో లైంగిక దాడికి గురైన పిల్లలు ఎవరికి చెప్పుకోవాలో తెలియక తిరిగి తిరిగి ఆ తలుపు దగ్గర ఆగుతారు. లోపల పన్నెండుమంది వంతులవారీగా కూర్చుంటారు. డాక్టర్లు కాదు, వకీళ్లు కాదు. ఒకామె లెక్కల లెక్చరరు, ఒకతను కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడు, మిగతావాళ్లు చదువుకునే పిల్లలే. అందరూ తమంతట తాము వచ్చినవాళ్లు. వాళ్ల పనల్లా పక్కన ఉండటం. ఆసుపత్రికి తోడు, పోలీస్ స్టేషనుకు తోడు, యూనివర్సిటీ విచారణ కమిటీ ముందుకు తోడు. కమిటీ గదిలో తోడు మనిషి పక్క కుర్చీలో కూర్చోవచ్చు, నోరు మాత్రం తెరవకూడదు. తెరిస్తే బయటికి పంపేస్తారు.

ఈ పని వాళ్లకు నేర్పింది పెద్ద నర్సు. నలభై ఏళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. ఆమె పాఠాలు పుస్తకంలో ఉండవు, చెవిలో ఉంటాయి.

"ఏం జరిగిందని అడగొద్దు. చెబితే వినండి. అడక్కుండా భుజం మీద చెయ్యి వెయ్యొద్దు. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని సలహాలివ్వద్దు. ఆ పిల్ల చేతిలోంచి ఒకడు ఇప్పటికే అన్నీ లాక్కున్నాడు. మీరు మళ్లీ లాక్కోకండి, మంచి కోసమైనా సరే. ప్రతి మలుపులోనూ ఒకే ఒక్క మాట అడగండి. ఇక్కడితో ఆపేద్దామా, ముందుకెళ్దామా? రెండు సగాలూ ఒకే గొంతుతో పలకాలి. త్రాసులో ఏ పళ్లెమూ కిందికి వాలకూడదు."

దబ్బనం అక్క ఆ మాటను నొక్కుడు మర ముందు నిలబడి వారం రోజులు సాధన చేసింది. ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. "ఏవండీ, ఇంకో గరిటె వెయ్యమంటారా, ఇక్కడితో ఆపేద్దామా" అని ఒకే గొంతుతో అడుగుతుంటే భర్త కంచంలోంచి తలెత్తి, "ఆకలేస్తున్నది నాకేనా, కమిటీకా?" అనేవాడు.

ఆమె తోడు గదికి రావడానికి కారణం బైండింగ్ గదిలో పై అరమీద ఉంది. ఎర్ర కాలికో గుడ్డ అంటించిన అట్ట వేసిన పరిశోధన గ్రంథం. పదకొండేళ్ల కిందట ఒక అమ్మాయి దాన్ని కుట్టడానికి తెచ్చి, లోపల కృతజ్ఞతల పేజీ చూపించి, "ఈ పేజీ ఎవరికీ కనపడకుండా కుట్టేయగలరా?" అని అడిగింది. అప్పుడు గదిలో ఇంకో ఇద్దరున్నారు. దబ్బనం అక్క దారానికి మైనం రాస్తూ, తల ఎత్తకుండానే, "ఎందుకమ్మా, మీ గైడు ఏమైనా అన్నాడా?" అంది. ఏదో వేళాకోళంగా అన్న మాట. తలెత్తి చూసేసరికి ఆ అమ్మాయి మొహం తలుపు మూసినట్టు మూసుకుపోయింది. "మళ్లీ వస్తాను" అని వెళ్లింది. మళ్లీ రాలేదు. దబ్బనం అక్క ఆ పేజీని రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, అడిగినట్టే కుట్టి, అరమీద పెట్టింది. పదకొండేళ్లుగా దుమ్ము దులుపుతూనే ఉంది. ఎవరైనా, "ఇది ఎవరిదక్కా?" అంటే, "వస్తారు" అంటుంది.

ఒక్క ప్రశ్న అడిగినందుకు ఒక మనిషి వెళ్లిపోయింది. అది మొదటిసారి.

రెండోసారి సంగతే ఈ కథ.

వృక్షశాస్త్రం చదివే అమ్మాయి ఒకతి చలికాలం మొదట్లో తోడు గదికి వచ్చింది. మోచేతుల దగ్గర పిగిలిన నీలం స్వెటరు వేసుకుని, కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని గంటసేపు నిలబడింది. దబ్బనం అక్క కూడా నిలబడే ఉంది. గంట తర్వాత ఆ అమ్మాయి, "మీకు కాళ్లు నొప్పి పుట్టట్లేదా?" అంది. "పుడుతున్నాయి తల్లీ" అంది దబ్బనం అక్క. అప్పుడు ఇద్దరూ కూర్చున్నారు. ఆ తర్వాత మెల్లగా సంగతి బయటికి వచ్చింది. ల్యాబులో సీనియర్. మొక్కలు పెంచే గాజుగది. తాళంచెవి అతని దగ్గర. అంతవరకు చెబితే చాలు.

ఆ అమ్మాయి ఫిర్యాదు రాస్తానంది. దబ్బనం అక్క అడిగింది: "ఇక్కడితో ఆపేద్దామా, ముందుకెళ్దామా?" ముందుకే అంది. కమిటీ తేదీ ఇచ్చింది. ఆ రోజు ఇద్దరూ బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాక వాయిదా అన్నారు. దబ్బనం అక్క అడిగింది. ముందుకే అంది. రెండో తేదీ కూడా వాయిదా. అడిగింది. ముందుకే అంది కాని, ఈసారి గొంతు సన్నబడింది. మూడో తేదీన సీనియర్ తన మేనమామను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మేనమామ పేరుమోసిన వకీలు. వరండాలో నడుస్తూ ఈ అమ్మాయి వంక చూసి, పిల్లల్ని బుజ్జగించినట్టు నవ్వాడు. ఆ రోజూ వాయిదాయే. బెంచీ మీద దబ్బనం అక్క నాలుగోసారి అడిగింది. అమ్మాయి స్వెటరు చేతులు వేళ్ల దాకా లాక్కుని హాస్టలుకు వెళ్లిపోయింది. నాలుగో తేదీ గురువారానికి ఇచ్చారు.

బుధవారం మధ్యాహ్నం మూడూ యాభైకి దబ్బనం అక్క ఫిర్యాదుల ఆఫీసుకు వెళ్లింది. తోడు పనిమీద కాదు, కుట్టిన రిజిస్టర్లు ఇవ్వడానికి. అక్కడి గుమాస్తాను అందరూ పావుతక్కువ ఐదు అంటారు. రోజూ నాలుగూ నలభై ఐదయ్యేసరికి సంచీ భుజానికి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడే మనిషి. అగ్నిప్రమాదం జరిగినా ఆ తర్వాత అయితే ఆయనకు సంబంధం లేదు.

రిజిస్టర్లు తిరగేస్తూ ఆయన, "మీ అమ్మాయి నిన్న సాయంత్రం వచ్చింది కదా" అన్నాడు.

"ఏ అమ్మాయి?"

"నీలం స్వెటరు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చింది. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. చివర్లో మీ ప్రస్తావన కూడా ఉంది."

దబ్బనం అక్క చేతిలో ఉన్న రిజిస్టరు బల్లమీద పెట్టింది. "నా ప్రస్తావన ఏమిటండీ?"

ఆ కాగితం ఎవరికీ చూపించకూడదు. పావుతక్కువ ఐదు ఆ నియమం తప్పలేదు, చూపించలేదు. కళ్లజోడు సర్దుకుని చదివి వినిపించాడు. "నాకు తోడున్న అక్క కూడా ఇది ఆపేయడమే మంచిదని అనుకుంటున్నారు. పైకి చెప్పలేక నాలుగుసార్లు అడిగారు. ఆవిడను ఇంక కష్టపెట్టలేను."

గదిలో గడియారం టిక్కుటిక్కుమంది. అప్పటికి అది బాగానే నడుస్తోంది.

"దీనికి గడువేమైనా ఉందా?" అంది దబ్బనం అక్క.

"ఒక్క పనిరోజు. ఇవాళ సాయంత్రం ఐదు లోపల ఆ అమ్మాయే స్వయంగా వచ్చి, ఇది చెల్లదని సంతకం పెడితే చెల్లదు. ఐదు దాటిందా, ఫైలు మూసేసినట్టే. మళ్లీ దేవుడొచ్చినా తెరవరు. రేపటినుంచి అబ్బాయి ల్యాబుకు, అమ్మాయి ల్యాబుకు. ఎవరి పని వాళ్లది."

"ఐదు అంటే ఎవరి గడియారం ప్రకారం?"

"ఇదిగో, ఈ గోడమీదున్నదే. ఈ గదిలో దానికి మించిన అధికారి లేడు."

అప్పుడే ఆమె ఆ గడియారం వంక చూసింది. ఒక్కసారే. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. తర్వాత పావుతక్కువ ఐదు వంక చూసింది. ఏమీ అనలేదు. వెళ్లిపోయింది.

మెట్లమీదే పెద్ద నర్సుకు ఫోను చేసింది. మాట తడబడుతుంటే రెండుసార్లు మొదలుపెట్టి చెప్పింది.

"ఆమె పిలవకుండా నువ్వు వెళ్లకూడదు, తెలుసుగా" అంది పెద్ద నర్సు.

"తెలుసు పెద్దక్కా."

"వెళ్లి ఆ కాగితం వెనక్కి తీసుకో అన్నావంటే, అది నువ్వు చెప్పినట్టు చెయ్యడమే. నిన్నటిదాకా ఆపమన్నావని ఆపింది, ఇవాళ వెళ్లమన్నావని వెళుతుంది. ఆ పిల్లకంటూ ఏం మిగిలింది?"

"మరి అడగనా?"

"అడిగితే అది అయిదోసారి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దబ్బనం అక్క మెట్టుమీద కూలబడింది. "ఏమే, నువ్వు నిజంగా ఆపేయాలనుకున్నావా?" అంది పెద్ద నర్సు ఫోనులో.

దబ్బనం అక్క జవాబు చెప్పలేదు.

"అదన్నమాట" అంది పెద్ద నర్సు. "అయితే నీ తప్పు నువ్వు చెప్పుకోవచ్చు. దానికి ఏ నియమమూ అడ్డు రాదు. ఆమె ఏం చెయ్యాలో మాత్రం చెప్పకు."

హాస్టలుకు వెళ్లేసరికి నాలుగూ ఇరవై అయింది. మేట్రన్ గేటు దగ్గరే చెప్పింది. గది ఖాళీ చేసింది, పెట్టె తీసుకుని నాలుగున్నర బస్సుకు వెళ్లింది, ఇంటికట. ఎప్పుడొస్తావంటే చెప్పలేదు.

నాలుగున్నర బస్సు భర్తది. దబ్బనం అక్క నడుస్తూనే ఫోను చేసింది.

"ఏవండీ, బస్సు తియ్యకండి."

"ఏమోయ్, ఇరవై ఏడేళ్ల సర్వీసులో నా బస్సు ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. మన పెళ్లిరోజున కూడా ట్రిప్పు వేసొచ్చి కూర్చున్నాను పీటలమీద."

"ఇవాళ అవుతుంది."

"ఎందుకో చెప్పు."

"చెప్పకూడదు."

పదకొండేళ్లుగా ఆయన ఈ మాట వింటూనే ఉన్నాడు. రాత్రి భోంచేయకుండా పడుకుంటే ఎందుకంటాడు, చెప్పకూడదు. స్నానాల గదిలో నీళ్లు వదిలేసి ఏడిస్తే ఎందుకంటాడు, చెప్పకూడదు. ఫోనులో బస్సు ఇంజను ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొంతు, వెనక్కి తిరిగి ప్రయాణికులతో చెబుతున్నట్టు, "టైరులో గాలి చూడాలండీ, కాసేపు ఓపిక పట్టండి."

ఆమె చేరేసరికి నాలుగూ ముప్పై ఎనిమిది. ఆయన ఒక్కో టైరునూ కాలితో తన్ని చూస్తున్నాడు, ఎద్దుల సంతలో బేరగాడిలా. లోపల జనం గొణుగుతున్నారు. ఆ అమ్మాయి వెనక సీట్లో, పెట్టె ఒళ్లో పెట్టుకుని, కిటికీవైపు తిరిగి ఉంది. మోచేతి దగ్గర చిరుగు ఇంకా పెద్దదైంది.

"కూర్చోవచ్చా?" అంది దబ్బనం అక్క.

"మీరు అన్నిటికీ అడుగుతారక్కా" అంది ఆ అమ్మాయి, తిరక్కుండానే. "కూర్చోండి. ఇంక అడగడానికి ఏం లేదు. రాసిచ్చేశాను."

"తెలుసు."

"ఇప్పుడు మీరు హాయిగా ఉండొచ్చు."

ఆ మాట దబ్బనం దిగినట్టు దిగింది. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుంది. పదకొండేళ్లుగా ప్రశ్నలడగడమే నేర్చుకున్న మనిషి, ప్రశ్న కాని వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కాన్వెంటులో సిస్టరు ముందు తప్పు ఒప్పుకోవడానికి నిలబడ్డ పిల్లలా నేలవంక చూసింది.

"నేను అందరినీ అడుగుతాను" అంది. "అది మా పద్ధతి. మొదటిసారి అడిగింది పద్ధతి. రెండోది పద్ధతి. మూడోది కూడా."

అమ్మాయి పెట్టెను ఒళ్లోకి ఇంకాస్త లాక్కుంది.

"నాలుగోది కాదు."

అప్పుడు ఇటు తిరిగింది.

"ఆ రోజు పొద్దున మా లైబ్రరీ ఆఫీసరు పిలిచాడు. కమిటీ బెంచీల మీద కూర్చునేవాళ్లకు బైండింగ్ పని అక్కర్లేదేమో, ఆ గది మూసేద్దామని పైనుంచి అనుకుంటున్నారు అన్నాడు. పైనుంచి అంటే ఎవరో నేను అడగలేదు. తర్వాత వరండాలో ఆ వకీలు నవ్వు చూశాను. నీకంటే ముందు నాకే ఒళ్లు చల్లబడింది. నువ్వు ఆపేస్తానంటే బాగుండునని అనుకున్నాను. అనుకుంటూనే అడిగాను. పళ్లెం ఒకవైపు వాలిపోయింది. నువ్వు తప్పుగా వినలేదు, సరిగ్గానే విన్నావు. నాలుగోసారి నేను అడిగింది నీకోసం కాదు, నాకోసం."

బయట టైరు మీద కాలు పడిన చప్పుడు. ఎవరో ముసలాయన, "డ్రైవరు గారూ, ఆ టైరును ఇప్పటికి మూడుసార్లు తన్నారు, అదేం పాపం చేసింది?" అంటున్నాడు.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నారు?" అంది అమ్మాయి. కళ్లలో కోపం, నీళ్లు రెండూ ఉన్నాయి.

"ఆ కాగితంలో నా భయం కూడా ఉంది కాబట్టి. నీది ఏది, నాది ఏది అని నీకు తెలియాలి. అంతే. ఇంకేం అడగను."

"వెళ్దామనైనా అనరా?"

"అనను."

"వద్దనైనా?"

"అనను తల్లీ. నోరు కుట్టేసుకున్నాను."

అమ్మాయి కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. అద్దం మీద ఊపిరి ఆవిరి కట్టింది, మళ్లీ విడిపోయింది, మళ్లీ కట్టింది. దబ్బనం అక్క వేలి మీద కాయను బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చుంది. కుట్టు విప్పడం ఆమెకు తెలిసిన పనే. విప్పిన కాగితాలు చెదిరిపోకుండా బరువు పెట్టడం కూడా తెలుసు. ఇక్కడ పెట్టడానికి ఆమె దగ్గర బరువేమీ లేదు. నిమిషాలు ఒకటొకటీ పోతున్నాయి. చేతులు కాలిపోయాయి, చుట్టుపక్కల ఆకన్నది లేదు. అరమీద ఎర్ర అట్ట పక్కన ఇంకోటి చేరబోతోంది, అది మాత్రమే కనిపిస్తోంది కళ్లముందు.

"టైమెంత?" అంది అమ్మాయి.

"నాలుగూ యాభై ఆరు."

"ఆఫీసుకు ఎంతసేపు పడుతుంది?"

"పరిగెత్తినా పావుగంట."

"అయితే అయిపోయినట్టే కదా."

ఆ అమ్మాయి పెట్టె సీటు మీద పెట్టి లేచింది. "అయిపోయినా సరే. వెళ్లి ఆ వాక్యమైనా కొట్టేస్తాను. మీ ప్రస్తావన ఉన్న వాక్యం. అది నేను రాయాల్సింది కాదు."

పరిగెత్తింది. వెనక దబ్బనం అక్క. మోకాళ్లు కలుక్కుమంటుంటే, కళ్లజోడు గుండెల మీద తపతపా కొట్టుకుంటుంటే, కుంటుతూ పరిగెత్తింది. వాళ్లు దిగడం చూసి భర్త టైర్లన్నీ బాగున్నాయని ప్రకటించి, పెట్టె గేటు దగ్గర కాపలా మనిషికి అప్పగించి, బస్సు తీశాడు. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి ఇరవై ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా.

వాళ్లు ఆఫీసు చేరేసరికి లైబ్రరీ మూసే గంట మోగి చాలాసేపయింది. దబ్బనం అక్క చేతి గడియారంలో ఐదూ పన్నెండు. వరండా అంతా ఖాళీ. గదులన్నిటికీ తాళాలు. చివరి గది తలుపు మాత్రం తెరిచి ఉంది.

పావుతక్కువ ఐదు సంచీ మేకుకే వేలాడుతోంది. ఆయన బల్ల వెనక కూర్చుని దినపత్రిక చదువుతున్నాడు. ఆ పత్రిక ఆయన పొద్దునే చదివేసి ఉంటాడు. తలెత్తలేదు.

"ఐదు దాటిందాండీ?" అంది అమ్మాయి, రొప్పుతూ.

"నన్నడుగుతావేమ్మా? గోడమీద అధికారిని అడుగు."

గోడ గడియారం నాలుగూ యాభై మూడు చూపిస్తోంది. ముల్లు కదలడం లేదు. టిక్కుటిక్కు లేదు. బల్లమీద స్టాంపు ప్యాడు పక్కన చిటికెన వేలంత బ్యాటరీ ఒకటి దొర్లి ఉంది.

దబ్బనం అక్క ఆ బ్యాటరీ వంక చూసింది. పావుతక్కువ ఐదు దినపత్రిక దాని మీదికి జరిపాడు.

"బ్యాటరీలు కొనమని నాలుగు నెలలుగా రాస్తున్నాను" అన్నాడు గొణుగుతూ. "ఎవరు వింటారు? చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఊ, ఎక్కడ సంతకం పెట్టాలో తెలుసా? ఇక్కడ. సమయం వెయ్యి. నాలుగూ యాభై మూడు. తెలుగు అంకెలు వద్దమ్మా, మామూలువి వెయ్యి."

అమ్మాయి సంతకం పెట్టింది. పావుతక్కువ ఐదు ముద్ర కొట్టి, సంచీ తగిలించుకుని, ఇద్దరినీ బయటికి తోలి, తాళం వేశాడు. "ఇంటి దగ్గర మా ఆవిడ నన్ను ఎవరో ఎత్తుకుపోయారనుకుంటుంది" అంటూ వెళ్లిపోయాడు.

కథ ఇక్కడ ఆపితే వినేవాళ్లకు హాయిగా ఉంటుంది. గురువారం మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. ఇద్దరూ పొద్దున తొమ్మిదికే బెంచీ మీద కూర్చున్నారు. పన్నెండింటికి లోపలినుంచి ఒకాయన వచ్చి, అధ్యక్షులవారికి జ్వరం, వాయిదా అన్నాడు. నాలుగోది.

అమ్మాయి గోడవంక చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "అడగండి" అంది.

దబ్బనం అక్క నోరు తెరిచింది. మాట రాలేదు.

"సరే, నేనే అడుగుతాను" అంది అమ్మాయి. "ఆపేద్దామా అక్కా, ముందుకెళ్దామా?" రెండు సగాలూ అచ్చం ఒకే గొంతుతో పలికింది. పెద్ద నర్సు విని ఉంటే మెచ్చుకునేది. నవ్వబోయి, నవ్వలేక, మొహం స్వెటరు చేతుల్లో దాచుకుంది. "నాకు తెలియట్లేదక్కా. నిజంగా నాకు తెలియట్లేదు. ల్యాబులో నా మొక్కలకు నీళ్లు అతనే పోస్తున్నాడట."

"నా చెయ్యి ఇక్కడ పెడుతున్నాను" అంది దబ్బనం అక్క, బెంచీ మీద ఇద్దరి మధ్యా అరచెయ్యి తెరిచి పెట్టి. "కావాలంటే పట్టుకో. లేకపోతే అలాగే ఉంటుంది."

మూడు గంటల దాకా ఆ చెయ్యి అలాగే ఉంది. తర్వాత ఆ అమ్మాయి చిటికెన వేలు ఒక్కటి వచ్చి దానికి తగిలింది.

వారం తిరక్కుండానే వకీలు మేనమామ కొత్త కాగితం పెట్టాడు. అమ్మాయి సంతకం పెట్టింది ఐదు దాటాకే, బస్సు ఆలస్యమవడం పదిమంది చూశారు, గుమాస్తా గడియారం ఆపాడు, దీనంతటి వెనకా బైండింగ్ ఆవిడ ఉంది. కాబట్టి ఫైలు మూసేయాలి. కమిటీ అధ్యక్షుడి జ్వరం ఆ రోజుకే తగ్గిపోయింది. నలుగురినీ పిలిచి విచారించారు.

పావుతక్కువ ఐదు బ్యాటరీల కోసం రాసిన అర్జీల కట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు. నిజంగానే నాలుగు నెలలవి ఉన్నాయి. భర్త వంతు వచ్చినప్పుడు టైర్ల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు, ఇక చాలు చాలు అని వాళ్లే పంపేశారు. అమ్మాయి తన సంతకం తనదేనంది, అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

చివరగా దబ్బనం అక్క. ఆ గదిలో పదకొండేళ్లుగా పక్క కుర్చీలో కూర్చుంది కాని, ఆమెను మాట్లాడమన్నది అదే మొదటిసారి. బస్సులో నిజం చెప్పడానికి ఎంత కష్టపడిందో, ఇక్కడ చెప్పకుండా ఉండటానికి అంత కష్టపడాలి. ఔనంటే ఫైలు మూతపడుతుంది. ఆమె కళ్లజోడు తుడుచుకుని, పెట్టుకుని, వకీలు మొహంలోకి చూసింది.

"గడియారమా? నేను గడియారాలు చూడనండీ, నేను చూసేది దారం వంకే. ఆ రోజు మూడూ యాభైకి రిజిస్టర్లిచ్చి నా గదికి నేను వెళ్లిపోయాను. బస్సు దగ్గరికా? మా ఆయన బస్సు నేనెప్పుడూ ఎక్కను, ఇంట్లో ఆ హారను మోత చాలు. పరిగెత్తడమా? ఈ మోకాళ్లతోనా? ఆ అమ్మాయితో నేను ఏ మాటా అనలేదు, ఆ అమ్మాయి నాతో ఏ మాటా అనలేదు. నాలుగోసారి అడగడం, అయిదోసారి అడక్కపోవడం, ఇవన్నీ పనీపాటా లేనివాళ్లు కూర్చుని అల్లుకున్న కథలు. ఎవరు చెప్పారో కాని మీకు అబద్ధం చెప్పారు. అలాంటిదేదీ జరగలేదు."